పాత మిర్రర్ పడవ మాస్ట్: అతకాలా, మార్చాలా?

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లెవరైనా పడవ సరదా పట్టి సెకండ్ హ్యాండ్‌లో వెతికితే ముందు కనబడేవాటిలో మిర్రర్ డింగీ (చిన్న తెరచాప పడవ) ఒకటి. 1962లో జాక్ హోల్ట్, బారీ బక్నెల్ కలిసి డిజైన్ చేసిన పదకొండు అడుగుల లోపు ప్లైవుడ్ పడవ, డెబ్బై వేలకు పైగా తయారైంది. పాతవాటికి చాలావరకు చెక్క మాస్టే (తెరచాప కొయ్య), దానిమీద ఎక్కడో ఒక పగులు. అతకాలా, అల్యూమినియం మాస్ట్ వేయాలా అన్నదే ప్రశ్న.

పగులు ఏ దిక్కున పోయిందో ముందు చూడండి. చెక్క నార వెంబడి నిలువుగా ఉన్న నెర్రె చాలాసార్లు ఆరడం వల్ల వచ్చిందే, నిండు కొయ్యకి దానితో పెద్ద భయం లేదు. దాంట్లో గట్టి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) కూరితే చెక్క తడికి ఉబ్బినప్పుడు అదే మేకులా పనిచేసి నెర్రెని ఇంకా చీల్చొచ్చు, అందుకే నింపకుండా వార్నిష్ పట్టించి వదిలేయడం మేలు. నారకి అడ్డంగా వెంట్రుకంత గీత కనిపిస్తే మాత్రం అది ఒత్తిడికి లోపల చెక్క నలిగిన గుర్తు. అలాంటి మాస్ట్‌ని నమ్మి గాలిలోకి వెళ్లకండి. అడుగుభాగం, స్క్రూలు దిగిన చోట్లు, గాఫ్ (తెరచాప పైకొయ్య) దవడలు మాస్ట్‌కి రాసుకునే చోటు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, మెత్తగా దిగితే కుళ్లు.

కుళ్లు అడుగునే ఉంటే నా ఓటు అతుకుకే. చెడిన ముక్క కోసేసి స్ప్రూస్ గానీ డగ్లస్ ఫర్ గానీ ముడి లేని చెక్క తెచ్చి వాలు అతుకు (రెండు చివరలూ ఏటవాలుగా కోసి ఒకదానిమీద ఒకటి అంటించేది) వేయాలి. మాస్ట్‌కి 12కి 1 వాలు పెడతారు, అంటే 50 మి.మీ. మందానికి 600 మి.మీ. పొడవు అతుకు. ఇంత పొడవా అని చాలామంది సగంలో ఆపేస్తారు, అక్కడే విరుగుతుంది. రెండు ముక్కల్నీ కలిపి చిత్రిక పడితే వాలు సమానంగా వస్తుంది. జిగురు ఎపాక్సీయే వాడండి. రిసార్సినాల్ అనే జిగురు కూడా గట్టిదే గానీ దానికి అతుకు సందు లేకుండా కుదరాలి, బాగా బిగించాలి, పైగా నల్లటి గీత మిగులుతుంది. ఎపాక్సీకి ముందు పల్చటి పూత పట్టించి, తర్వాత సిలికా పొడి కలిపిన చిక్కటిది రాయండి. క్లాంప్ మరీ బిగిస్తే జిగురంతా బయటికి వచ్చేసి అతుకులో ఏమీ మిగలదు. ఎండకి ఎపాక్సీ పాడవుతుంది కాబట్టి పైన ఎండని ఆపే యూవీ వార్నిష్ ఐదారు పూతలు తప్పవు.

అడ్డగీత స్టేలు (మాస్ట్‌ని నిలబెట్టే తీగలు) తగిలించే చోట ఉంటే ఈ శ్రమంతా వద్దు, మార్చేయండి. అల్యూమినియం కుళ్లదు, వార్నిష్ అడగదు. కానీ ఉప్పునీళ్లలో స్టెయిన్‌లెస్ స్క్రూల చుట్టూ తెల్లగా పొడి రాలి తినేస్తుంది, వంగిందంటే తిన్నగా చేసి నమ్మడం కష్టం. వడ్రంగం రాని, పడవని సముద్రం ఒడ్డునే ఉంచేవాళ్లకి అయినా అదే నయం. చేతిపని ఇష్టమైతే కొత్త చెక్కదే చేసుకోండి. రేసులకి వెళ్లేవాళ్లు ముందు క్లాస్ రూల్స్ (ఈ రకం పడవల రేసు నియమాలు) చూసుకోవాలి.

ఇక తీగలు. మాస్ట్‌ని పక్కలనుంచి నిలబెట్టే ష్రౌడ్‌లకి స్టెయిన్‌లెస్ 1×19 వైరే (పంతొమ్మిది పోగులు ఒకే పేటగా మెలిపెట్టినది) నాకు సుఖం, సాగదు, టెన్షన్ నిలుస్తుంది. దాని దొంగబుద్ధి ఏంటంటే చివర బిగించిన గొట్టంలో లోపల్లోపల తిని చెప్పకుండా తెగడం, అందుకే అక్కడ తుప్పు మరక గానీ ఒక్క పోగు లేచినట్టు గానీ కనిపిస్తే ఆ వైరు తీసేయాలి. డైనీమా అనే ప్లాస్టిక్ నార తాడు నీళ్ల మీద తేలేంత తేలిక, స్ప్లైస్ (ముడి లేకుండా తాడు చివరని దాంట్లోకే దూర్చే అతుకు) ఇంట్లోనే చేసుకోవచ్చు, కానీ బరువు మీద మెల్లగా సాగుతూనే ఉంటుంది, పదునైన అంచుకి రాసుకుంటే పోతుంది. సెయిల్ ఎత్తే తాడు హ్యాలియార్డ్‌కి డైనీమాయే. ష్రౌడ్‌ల కింద టర్న్‌బకిల్ (తిప్పి తీగని బిగించే మర) బదులు సన్నతాడు నాలుగైదు చుట్లు చుట్టి కట్టినా ఈ సైజు పడవకి చాలు, ఏడాదికోసారి ఆ తాడు మారిస్తే సరి.