అభ్యసన మూలల పెట్టె: కార్డుల కన్నా ఎంపిక పలకకే విలువ ఎక్కువ

హనుమకొండ చౌరస్తా దగ్గర బోధన సామగ్రి అమ్మే ఒక దుకాణంలో బడి గ్రాంటుతో కొన్న ‘అభ్యసన మూలల పెట్టె’ను, ఒకటి, రెండు తరగతుల పిల్లలు కలిసి కూర్చునే మా గదిలో ఈ విద్యా సంవత్సరం మొదటి నుంచి వాడుతున్నాను. ధర మూడు వేల రూపాయలు దాటింది. చదువు, లెక్కలు, బొమ్మలు, దుకాణం అని గదిలో పిల్లలు సొంతంగా పని చేసుకునే నాలుగు మూలలకు కావలసిన కార్డులు, పూసలు, గుడ్డ సంచులు, ఒక ఇసుక గడియారం, గోడకు తగిలించే ఎంపిక పలక ఇందులో ఉన్నాయి. పెట్టెలో ఎక్కువ చోటు కార్డులదే గాని, గదిని నడిపిస్తున్నది మాత్రం ఆ పలకే.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో చదవడం, రాయడం, లెక్కల పునాది వేసే తొలిమెట్టు కార్యక్రమం 2022లో మొదలైనప్పటి నుంచి పిల్లల స్థాయిని బట్టి జట్లుగా కూర్చోబెట్టి చదివించడం మనందరికీ అలవాటైన పనే. అయితే గుణింతాలు ఇంకా కుదరని ఐదుగురిని దగ్గర కూర్చోబెట్టుకుని చదివిస్తున్నప్పుడు మిగిలిన పిల్లలు ఏం చేయాలన్నదే చిక్కు. “టీచర్, అయిపోయింది, ఇప్పుడేం జెయ్యాలె?” అంటూ ఒకరి వెనుక ఒకరు వచ్చి నిలబడితే ఆ ఐదుగురి చదువు అక్కడే ఆగిపోతుంది.

ఎంపిక పలక ఈ ఇబ్బందిని నిజంగా తగ్గించింది. పలక మీద ఒక్కో మూలకు ఐదేసి కొక్కేలు ఉంటాయి. పిల్లవాడు తన పేరు బిళ్ళను తనకు కావలసిన మూల కింద తగిలించి అక్కడికి వెళ్తాడు, కొక్కేలు నిండితే ఇంకో మూల చూసుకుంటాడు. చోటు ఉందా లేదా అన్నది పలకే చెబుతుంది కనుక నన్ను అడగవలసిన పని లేదు. బిళ్ళ మీద పేరు పక్కనే ఒక పిట్ట బొమ్మ ఉండడం వల్ల, అక్షరాలు రాని ఒకటో తరగతి పిల్లలు మొదట బొమ్మను చూసి తమ బిళ్ళను గుర్తుపట్టి, కొన్ని వారాలకు పక్కవాళ్ల పేర్లు కూడా చదవసాగారు. ఈ ఒక్క మార్పు చూసినందుకే నాకు ఎంతో తృప్తిగా ఉంది.

కొక్కేలను ఊడదీసే వీలుండడం మరో మేలు. పెట్టెతో వచ్చిన కరపత్రం మొదటి రోజే నాలుగు మూలలూ తెరవమంటుంది. దయచేసి ఆ సలహా పాటించకండి. జూన్‌లో పూసలుండే లెక్కల మూల ఒక్కటే తెరిచి, సంచి తీయడం, చాప మీద పరచుకోవడం, లెక్కపెట్టడం, మళ్ళీ అదే సంచిలో వేసి అదే మేకుకు తగిలించడం అందరి చేతా చేయించి, అది కుదిరాకే రెండో మూలకు కొక్కేలు పెట్టాను. సర్దడం రాని గదిలో ఎంత మంచి సామాను ఉన్నా వారం తిరగకముందే చెల్లాచెదురవుతుంది.

కార్డుల విషయంలో తయారీదారు శ్రద్ధ చాలలేదు. పిల్లలు ఒంటరిగా పని చేయాలంటే తప్పు చేసినప్పుడు ఆ సంగతి సామగ్రే వారికి తెలియజేయాలి; 1907లో రోమ్‌లో మరియా మాంటిస్సోరి తొలి బాలల గృహం తెరిచిన నాటి నుంచి ఆమె పద్ధతిలో ఇది ముఖ్యమైన సూత్రం. బొమ్మ–పదం కార్డులు అలాగే ఉన్నాయి, సరైన జత అయితేనే అంచులు అతుకుతాయి. కూడికల కార్డులను మాత్రం అన్నింటినీ ఒకే వంపుతో కోశారు. అందువల్ల 7+5 పక్కన 11 పెట్టినా 12 పెట్టినా చక్కగా అతుకుతుంది, పిల్లవాడు తన జవాబు సరైనదే అనుకుని ముందుకు సాగిపోతాడు. ప్రతి జతలోని రెండు కార్డుల వెనుకా ఆ జతకే చెందిన గుర్తు గీసుకుంటే తప్ప వాటిని వాడలేం. ఇక ‘కుక్క’ కార్డు మీద క ఒత్తు అక్షరం కిందికి రాకుండా పక్కకు జరిగి అచ్చయింది. అప్పుడప్పుడే ఒత్తులు నేర్చుకుంటున్న పిల్లల చేతికి అలాంటి కార్డు ఇవ్వడం అన్యాయం.

దుకాణం మూలలో ధరల చీటీలన్నీ స్ట్రాబెర్రీలకూ కేకులకూ ఉన్నాయి. వాటి బదులు మిర్చి, పత్తి, వడ్ల బొమ్మలు గీసి పెట్టాక, వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు తండ్రి వెంట వెళ్ళొచ్చిన పిల్లలు బస్తాల లెక్కతో బేరాలాడుతూ రెండంకెల కూడికలు తమంతట తామే చేస్తున్నారు. ఇసుక గడియారాన్ని మూలలో పెడితే పిల్లలు పని మాని ఇసుకనే చూస్తున్నారు, దాన్ని ఉపాధ్యాయుల బల్ల మీద ఉంచడం మేలు. గుడ్డ సంచుల కుట్టు గట్టిగా ఉంది.

పలకను, పేరు బిళ్ళలను విడిగా ఇస్తారా అని దుకాణంలో అడిగాను. ముందుగా చెబితే తెప్పించి ఇస్తామన్నారు. చింతగింజలు, పుల్లల కట్టలు, అట్టముక్కలతో లెక్కల సామగ్రి ఇప్పటికే సిద్ధం చేసుకున్న బడి అయితే పెట్టె మొత్తం కొనకుండా ఆ రెండే తెప్పించుకోవచ్చు.