“దాన్ని ఎనేబుల్ చేయమని మీకెవరు చెప్పారు?” అన్నాడండీ!

సెకండ్ హ్యాండ్ గేమింగ్ ల్యాప్‌టాప్ కొనబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. రాత్రంతా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి. ఏ యాప్ అనేది మీకు చెప్పక్కర్లేదు. “సింగిల్ హ్యాండ్ యూజ్, కండిషన్ సూపర్” అని వారానికో యాడ్ పెడుతుంటాడు చూడండి, ఆయనే.

వాళ్లింటికెళ్లి చూశాను. తనే ఓ హెచ్‌డీ వీడియో ఫుల్ స్క్రీన్‌లో పెట్టి చూపించాడు. గీత లేదు, మచ్చ లేదు. “ఒకసారి మానిటర్‌కి పెట్టి చూద్దామా అన్నా” అంటే, “హెచ్‌డీఎంఐ కేబుల్ మా తమ్ముడు పట్టుకెళ్లాడు” అన్నాడు. సరేలే అన్నాను. ఆ సరేలేకి నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి.

ఇంటికొచ్చి గేమ్ తెరిస్తే స్లైడ్ షో. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ, అంటే బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్, ఒక్కటే కనిపించింది, అదీ ప్రాసెసర్‌తో వచ్చే ఇంటెల్ గ్రాఫిక్స్. మరి నేను డబ్బు పోసిన, గేముల కోసం విడిగా ఉండే పెద్ద గ్రాఫిక్స్ కార్డేదీ? డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ విప్పితే ఉంది మహాతల్లి, ఐకాన్ మీద కిందికి చూస్తున్న బుల్లి బాణంతో. అంటే డిసేబుల్ చేసి ఉంది. పాపం, పొరపాటున ఆపేసి ఉంటాడు అనుకున్నాను. నా అంత మంచివాడు ఇంకెక్కడా దొరకడు లెండి.

ఎనేబుల్ చేసి గేమ్ పెట్టాను. రెండు నిమిషాలు బ్రహ్మాండం. తర్వాత ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో చిన్న చిన్న గళ్లు స్క్రీన్ నిండా పరుచుకుని, అంతా బిగుసుకుపోయింది. రీస్టార్ట్ చేస్తే డివైస్ మేనేజర్‌లో కార్డు మీద పసుపు త్రికోణం, కోడ్ 43. అంటే కార్డులో ఏదో తేడా ఉందని విండోసే దాన్ని ఆపేసింది. సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే డ్రైవర్లు తీసేసే టూల్‌తో డ్రైవర్ మొత్తం తుడిచేసి కొత్తది వేశాను. 43. పాత వెర్షన్ వేశాను. 43. బయోస్ అప్‌డేట్ చేశాను. మీకు తెలుసుగా. చివరికి మానిటర్‌కి పెడితే నో సిగ్నల్. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఆ హెచ్‌డీఎంఐ పోర్టు నేరుగా పెద్ద కార్డుకే కలిపి ఉంటుంది. తమ్ముడు కేబుల్ ఎందుకు పట్టుకెళ్లాడో అప్పుడు అర్థమైంది.

ఫోన్ చేసి సంగతి చెప్పాను. అంతా విని ఒకటే అన్నాడు:

“దాన్ని ఎనేబుల్ చేయమని మీకెవరు చెప్పారు?”

నాకు నోట మాట రాలేదు. తప్పు నిజంగా నాదేనేమో అనిపించేంత ధీమా ఆ గొంతులో. “అన్నా, కొన్నదే ఆ కార్డు కోసం కదా” అంటే, “నేనిచ్చినప్పుడు బాగానే ఉంది, మీరే కెలికి పాడుచేశారు. వీడియో చూశారా లేదా?” చూశాను నాయనా. వీడియోకి ఇంటెల్ గ్రాఫిక్సే చాలని, పెద్ద కార్డు నిద్ర కూడా లేవక్కర్లేదని నీకు తెలుసు, నాకప్పుడు తట్టలేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తమ్ముడేమో. కాల్ కట్. పది నిమిషాల్లో నన్ను బ్లాక్ చేశాడు.

రిపేరు చేసే అబ్బాయి విప్పి చూపించాడు. చిప్ చుట్టూ ఎండిపోయిన ఫ్లక్స్, అదే సోల్డరింగ్‌కి పూసే జిగట పదార్థం, తేనె రంగులో. చచ్చిన చిప్‌ని ఇదివరకే ఎవరో హీట్ పెట్టి బతికించారట. అలా బతికిస్తే కొన్నాళ్లు పనిచేసి మళ్లీ మొదటికే వస్తుంది. పైగా ఆ చిప్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, తీసి ఇంకోటి పెట్టుకునే కార్డు కాదు. బోర్డే మార్చాలన్నాడు. 2011 మ్యాక్‌బుక్ ప్రోల్లో ఇలాగే గ్రాఫిక్స్ పోతుంటే ఆపిల్ 2015లో ఉచితంగా రిపేరు చేసిచ్చింది. మనవాడు ఉచితంగా బ్లాక్ చేశాడు.

నేను కొన్న ల్యాప్‌టాప్ యాడ్ తీసేశాడు. ఇవాళ పొద్దున ఇంకోటి పెట్టాడు, అదే టేబుల్, అవే కర్టెన్లు.

వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే డివైస్ మేనేజర్ మీ చేత్తో మీరే తెరవండి. గ్రాఫిక్స్ కార్డుని పూర్తిగా శ్రమపెట్టి పరీక్షించే ఫర్‌మార్కో, ఏదైనా బరువైన గేమో పావుగంట నడపండి. కేబుల్ మాత్రం మీదే తీసుకెళ్లండి, ఆయన తమ్ముడు ఇంకా తెచ్చి ఉండడు.