నార్డ్ ఇంజను క్రాంక్ ప్లగ్గులు: ఉక్కు స్క్రూలు ఏళ్ల తరబడి వాడాక

ఆల్ఫా రోమియో జూలియా కారు 1570 సీసీ ఇంజనులో (ఇది నార్డ్ రకం) క్రాంకుషాఫ్టు లోపలి ఆయిలు దారుల చివర్లు మూసే అల్యూమినియం ప్లగ్గులు తీసేసి, ఉక్కు గ్రబ్ స్క్రూలు (తల లేని, ఎలెన్ కీతో తిప్పే స్క్రూలు) బిగించి ఏళ్లు దాటింది. ఇంజను బాగా వేడెక్కి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు కూడా ఆయిల్ ప్రెషరు కట్టిన కొత్తలో ఎంతుందో ఇప్పుడూ అంతే. క్రాంకు బయటికి తీసిన ప్రతిసారీ ఈ పని చేయించి తీరాలన్నది నా గట్టి అభిప్రాయం.

ప్లగ్గు వదులైతే, క్రాంకును మోసే మెయిన్ బేరింగు నుంచి వచ్చే ఆయిలు బిగ్ ఎండ్‌కు (కనెక్టింగ్ రాడ్డు క్రాంకును పట్టుకునే చోటికి) చేరకముందే బయటికి చిమ్ముతుంది. ఈ ఇంజను స్ట్రోకు 82 మి.మీ., అంటే బిగ్ ఎండ్ తిరిగే పిన్ను మధ్య గీత క్రాంకు నడిమి నుంచి 41 మి.మీ. దూరంలో తిరుగుతుంది. 6000 ఆర్‌పీఎం దగ్గర అక్కడున్న 5 గ్రాముల ముక్క 8 కిలోల బలంతో బయటికి లాగుతుంది. పైగా అల్యూమినియం వేడికి ఉక్కు కన్నా రెండింతలు వ్యాకోచిస్తుంది. వేడెక్కినప్పుడల్లా రంధ్రంలో నలిగి, చల్లారినప్పుడల్లా కాస్త కుంచించుకుపోతూ పట్టు వదిలేస్తుంది. క్రాంకును కాస్టిక్ సోడా ట్యాంకులో ఉడకబెట్టిస్తే మరీ ప్రమాదం, ఆ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. సంపు (ఇంజను అడుగునుండే ఆయిలు తొట్టి) విప్పి చూసినప్పుడు ప్లగ్గు చుట్టూ సన్నగా ఆయిలు ఊరుతుంటే అనుమానించాల్సిందే. అయితే ప్రెషరు పడిపోవడానికి అరిగిన బేరింగులూ కారణం కావచ్చు, అవీ కొలవాలి.

ఇంజనులోనే ఉంచి డ్రిల్లు పెట్టొద్దు. క్రాంకు బయటికి తీసి, జర్నల్ గ్రైండింగుకు (బేరింగుల్లో తిరిగే భాగాల్ని సానపట్టడానికి) ముందే ప్లగ్గులు తొలిచి తీయాలి. లోపల గట్టిపడిన నల్లటి మడ్డి కనిపిస్తుంది. తిరిగే వేగానికి బరువైన మురికంతా ఆ గదిలోనే పేరుకుంటుంది కాబట్టి, ప్లగ్గు బిగువుగా ఉన్నా తీసి కడగడం లాభమే. రంధ్రాన్ని వెర్నియర్‌తో కొలిచి ట్యాపు (మరలు కోసే పనిముట్టు) ఎంచుకోవాలి: ఎం14×1.5 ట్యాపుకు 12.5 మి.మీ. రంధ్రం కావాలి. మరలు చివరిదాకా కోయకూడదు. ఆఖరి మరలు సగమే తెగి ఉంటే స్క్రూ అక్కడ బిగుసుకుని ఆగుతుంది, అడ్డంగా వెళ్లే ఆయిలు దారిని మూయదు. స్క్రూ పైకొన రంధ్రం అంచు కన్నా అర మి.మీ. లోపలే ఉండాలి.

గ్రైండింగు అయ్యాకే అసలు కడుగుడు. అల్యూమినియం పొట్టు అయస్కాంతానికి అంటదు, కాబట్టి అయస్కాంతాన్ని నమ్ముకోవద్దు. సన్నని నైలాను బ్రష్షు, కిరోసిను, గాలి, మళ్లీ బ్రష్షు, తెల్లగుడ్డకు మరక అంటనంతవరకూ. ఆ తర్వాత మరల్లో జిడ్డు లేకుండా తుడిచి, వేడి తట్టుకునే గట్టి రకం థ్రెడ్ లాకర్ (మరలు వదులు కాకుండా పట్టే జిగురు) రాసి బిగించి, అంచున మూడు చోట్ల సెంటర్ పంచ్‌తో కొట్టాలి. లాకర్ ఒక్కదాన్నే నమ్మి పంచ్ మానేయడం నాకు నచ్చదు. బిగ్ ఎండ్ రంధ్రాలు మూసి గాలి పట్టి, ప్లగ్గుల మీద సబ్బునీళ్లు వేసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి.

ఉక్కు అల్యూమినియానికి దాదాపు మూడింతల బరువు. స్క్రూలన్నీ బంగారం తూచే కాటాలో సరిచూసి, చివర్లో క్రాంకు బ్యాలెన్సింగు తప్పక చేయించాలి.

లోపం ఒక్కటే, మళ్లీ విప్పడం కష్టం. హాట్ ఎయిర్ గన్‌తో ఆ చోటును బాగా వేడిచేసి, పంచ్ గుర్తులు తొలగించి, కొత్త ఎలెన్ కీతోనే తిప్పాలి. అరిగిన కీ వాడితే స్క్రూలో కీ పట్టే గుంట గుండ్రమైపోయి మళ్లీ డ్రిల్లు పట్టుకోవాల్సి వస్తుంది.