జాగ్రత్త: 300 వాట్లని చెప్పి అంటగట్టిన ట్యూబ్ ఆంప్

చెన్నైలో స్టేజి ప్రోగ్రాముల కోసం సెకండ్ హ్యాండ్ ట్యూబ్ ఆంప్లిఫయర్ (గాజు వాల్వులతో పనిచేసేది) కొనాలనుకుంటున్న మన ఆర్కెస్ట్రా వాళ్లకి ఒక మాట. డబ్బు చేతిలో పెట్టే ముందు వెనక మూత తీయించి ట్యూబులు లెక్కపెట్టండి. నేను లెక్కపెట్టలేదు. 95 వేలు పోయాయి, స్టేజి మీద నిప్పంటుకోకపోవడం మా అదృష్టం.

నేను బేస్ గిటార్ వాయిస్తాను. రిచీ స్ట్రీట్ దగ్గర సందులో ఒక షాపతను "300 వాట్ల ట్యూబ్ హెడ్ సార్, ఎంత పెద్ద గ్రౌండుకైనా చాలు" అన్నాడు. హెడ్ అంటే స్పీకర్లు లేని ఆంప్ పెట్టె, స్పీకర్లుండే పెట్టెని క్యాబినెట్ అంటాం. రెండు నిమిషాలు వాయించి చూశాను. ఆ నిండు సౌండుకి మనసు పడిపోయింది. బిల్లు అడిగితే "సెకండ్ హ్యాండ్ సరుక్కి బిల్లు ఉండదు" అన్నాడు. అప్పుడే లేచి వచ్చేయాల్సింది.

ఉగాదికి పెరంబూరులో ఒక కల్యాణ మండపంలో ప్రోగ్రాం. నాలుగో పాటకి సౌండ్ చిరిగినట్టు రావడం మొదలైంది. వెనక్కి తిరిగి చూస్తే రెండు ట్యూబుల్లో ప్లేట్లు ఎర్రగా కాలుతున్నాయి. మధ్యలో ఫిలమెంట్ నారింజ రంగులో వెలగడం మామూలే. చుట్టూ ఉండే బూడిద రంగు ప్లేటు ఎర్రబడిందంటే మాత్రం వెంటనే ఆపేయాలి. అంతలోనే వార్నిష్ కాలిన వాసన, పొగ. ఫ్యూజ్ కొట్టేయాలి కదా, కొట్టలేదు. మా కీబోర్డ్ తమ్ముడు పరుగెత్తుకెళ్లి ప్లగ్ పీకాడు. స్టేజి ముందు చిన్నపిల్లలు కూర్చుని ఉన్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

వడపళనిలో ఒకప్పుడు రికార్డింగ్ థియేటర్ల ఆంప్లిఫయర్లు బాగుచేసిన పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఫ్యూజ్ ఉండాల్సిన చోట రాగి తీగ చుట్టి ఉంది. ఆయన అది చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఎన్ని వాట్లని చెప్పాడు బాబూ?"

"మూడొందలు, బాబాయ్."

"ఉన్నవి నాలుగు ఈఎల్34 ట్యూబులు. మంచివి పడితే, ట్రాన్స్‌ఫార్మర్ కూడా మంచిదైతే, వంద."

తర్వాత నేనూ చదివి చూసుకున్నాను. మార్షల్ వాళ్ల 100 వాట్ల హెడ్లలో ఎక్కువగా వాడింది నాలుగు ఈఎల్34లే. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ నిజంగా 300 వాట్లది. అందులో మొదట ఆరు 6146లు, తర్వాత ఆరు 6550లు పెట్టారు. హెడ్ ఒక్కటే 40 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. నా దాన్ని నేనొక్కణ్ణే రెండో అంతస్తుకి మోసుకెళ్లాను! ఆ రోజైనా అనుమానం రావాల్సింది. బరువంతా ట్రాన్స్‌ఫార్మర్ల ఇనుములోనే ఉంటుంది. బేస్ లాంటి కింది స్వరాలకి ఆ ఇనుము ఇంకా ఎక్కువ కావాలి. నా ఆంప్‌లోని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వంద వాట్లకి కూడా సరిపోదని బాబాయ్ అన్నాడు. ట్యూబుల మీద పేరు ఒక్కటే అచ్చేసి ఉంది కానీ లోపలి కట్టుబడి రెండు రకాలు. బయాస్, అంటే ఊరికే ఉన్నప్పుడు ట్యూబులు ఎంత కరెంటు లాగాలో పెట్టే అమరిక, సరిచేయలేదు. జత కుదరని వాటిలో ఎక్కువ కరెంటు లాగినవే ముందు కాలాయి.

నిజాయితీగా వంద వాట్లని చెప్పి, ఆ ధరకే ఇచ్చి ఉంటే నాకు బాధ ఉండేది కాదు. పీఏ (జనానికి వినిపించే పెద్ద స్పీకర్ల సిస్టం) ఉన్న స్టేజికి వంద చాలా ఎక్కువ. మూడు రెట్లు వాట్లు పెరిగినా చెవికి తేడా 5 డెసిబెల్స్ లోపే.

షాపతను మాత్రం "స్పీకర్ కలపకుండా ఆన్ చేసుంటారు" అని తప్పు నా మీదికే తోశాడు. ట్యూబ్ ఆంప్‌ని స్పీకర్ లేకుండా వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుందన్నది నిజమే. కానీ నేను 8 ఓమ్ సాకెట్‌కి 8 ఓమ్ క్యాబినెటే పెట్టాను, ప్రోగ్రాం ముందు తీసిన ఫోటో కూడా ఉంది. చూపించినా లాభం లేకపోయింది.

కొనేటప్పుడు మీ క్యాబినెట్ మీరే తీసుకెళ్లండి. లైట్లు ఆర్పించి, అరగంట గట్టిగా వాయించి, ప్లేట్ల రంగు చూడండి. ఫ్యూజ్ బయటికి తీయించి, దాని మీది ఆంపియర్లు ఆంప్ వెనక రాసినదానితో సరిపోయాయో లేదో చూడండి. లోపల మాత్రం మీరు చెయ్యి పెట్టకండి. 400 వోల్టుల పైనే ఉంటుంది, ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉంటుంది. ఆ పని తెలిసిన టెక్నీషియన్‌ని వెంట తీసుకెళ్లండి, ఆయనకిచ్చే డబ్బు దండగ కాదు.

పోయిన వారం మా డ్రమ్మర్ అటు వెళ్తే, అదే షాపులో అలాంటిదే ఇంకొకటి పెట్టి ఉందట. నల్ల పెట్టె, ముందు జాలీ, వెనక నాలుగు ట్యూబులు. ఇదీ 300 వాట్లే అంటున్నారట.