పాలమూరు కాదు, పాలామూ

ఈ ప్రయాణానికి బీజం పడింది మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర. బెంగళూరులో కె.ఆర్.పురం అవతల మాది. రాత్రి డ్యూటీ చేసే సెక్యూరిటీ కుర్రాడు జనవరిలో ఒక సాయంత్రం వాటర్ క్యాన్లు దింపించుకుంటూ "ఒంటా, ఏండ్, మూంద్, నాఖ్" అని లెక్కపెడుతున్నాడు. వాకింగ్ నుంచి వస్తున్న మా బాపు టక్కున ఆగాడు. "మూంద్ అంటే మూడే గదా? ఏ భాష బిడ్డా ఇది?"

అబ్బాయిది జార్ఖండ్‌లోని లాతేహార్ జిల్లా. ఉరావ్ గిరిజనులు, ఇంట్లో మాట్లాడేది కురుఖ్. ఎక్కడో ఉత్తరాది అడవుల్లో ఉన్నా కురుఖ్ ద్రావిడ భాషే. కన్నుని ఖన్ అంటారట, పల్లుని పల్, చెట్టుని మన్. మన మానే అన్నమాట. నాలుగు దాటితే మాత్రం హిందీ లెక్కల్లోకి దిగిపోతారు. బాపు 34 ఏళ్లు గోదావరిఖనిలో బాయి దిగిన మనిషి. బొగ్గున్న ఊరంటేనే మేనత్త ఊరన్నట్టు మాట్లాడతాడు. ఇప్పుడు భాషలో కూడా చుట్టరికం తేలేసరికి ఇంక ఆగలేదు. ఉగాది సెలవులకి మా ఆయన కర్ణాటకలోని కబిని అడవి అన్నాడు, బాపు జార్ఖండ్‌లోని పాలామూ అన్నాడు. ఎవరి మాట నెగ్గిందో చెప్పక్కర్లేదు.

అమ్మకి ఫోన్ చేస్తే "పాలమూరుకా? దానికి విమానమెందుకే, బస్సున్నది గదా" అంది. పాలమూరు కాదమ్మా, పాలామూ, పులుల అడవి అన్నాను. "పాలమూరు దిక్కు గూడ ఉన్నయి పులులు, అమ్రాబాద్‌ల" అని ఫోన్ పెట్టేసింది. ఆ మాటలో ఎంత పస ఉందో అక్కడికి వెళ్లాక తెలిసింది.

ఉగాది మర్నాడు పొద్దున బెంగళూరులో ఎక్కితే రెండున్నర గంటల్లో రాంచీ. మీరు వెళ్లినా ఈ తేదీలే పెట్టుకోండి. ఎందుకంటే చైత్ర శుద్ధ తదియ నాడు అక్కడ సర్హుల్, అంటే మన ఉగాది అయిన సరిగ్గా రెండు రోజులకి. సాల చెట్టు పూతకొచ్చే పండగ. ఎర్రంచు తెల్లచీరలు, తలలో సాల పూలు, డప్పులు, రాంచీ వీధులన్నీ ఊరేగింపే. అసలు పూజ ఊరి చివర చెట్ల కింద, పాహన్ అనే పూజారి చేతుల మీదుగా. కుండల్లో నీళ్లు పోసి రాత్రంతా ఉంచి, పొద్దున ఎంత మిగిలాయో చూసి ఆ ఏడు వానలెలా ఉంటాయో చెబుతాడు. రెండు రోజుల ముందే టీవీలో పంచాంగ శ్రవణం విన్న బాపు "మనకాడ అయ్యగారు పుస్తకం జూస్తడు, ఈయన నీళ్లు జూస్తుండు. వానకి దగ్గరున్నది ఈయనే" అన్నాడు.

ఆ పండగ రోజున ట్రాఫిక్ మళ్లిస్తారు, హోటల్ దాకా కారు రాదు. మేం రెండు కిలోమీటర్లు నడిచాం. స్టేషన్ రోడ్డులో హోటల్ మామూలుదే, శుభ్రంగా ఉంది, అంతకన్నా చెప్పుకోవాల్సింది లేదు. పొద్దున టిఫిన్ బయట తినండి. ధుస్కా అని బియ్యం, శనగపప్పు రుబ్బి గరిటెతో నూనెలో పోస్తారు, పూరీలా పొంగుతుంది. శనగల కూరతో వేడివేడిగా ఇస్తారు, అదీ సాలాకు దొన్నెలో.

రాంచీలో జలపాతాలకని అందరూ హుండ్రూ, దశమ్ పరుగెడతారు. మార్చిలో నీళ్లు సన్నగా ఉంటాయి, మేం మానేశాం. దాని బదులు పాత జైలుకి వెళ్లాం. ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడ్డ ముండా గిరిజనుల నాయకుడు బిర్సా ముండాని ఉంచిన జైలు. 1900 జూన్ 9న ఇక్కడే చనిపోయాడు, అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. 2021లో దీన్ని మ్యూజియం చేశారు. బొమ్మలు, లైట్లు కొంచెం ఎక్కువైనట్టనిపించింది కానీ ఆయన్ని ఉంచిన గది ముందు నిలబడితే ఆ హంగామా గుర్తుకి రాదు. అడవిని నరికి సాగు చేసుకున్న ముండాల ఉమ్మడి భూములు జమీందార్ల చేతికి పోతుంటే లేచిన తిరుగుబాటు ఆయనది. ఆయన పోయిన ఎనిమిదేళ్లకి, 1908లో, ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం వచ్చింది. గిరిజనుల భూమి బయటివాళ్లకి పోకుండా అడ్డం పెట్టిన చట్టం, మన 1/70 లాంటిది. రాష్ట్రం పుట్టిన రోజు కూడా బిర్సా పుట్టినరోజే, 2000 నవంబర్ 15.

బాపుకి ఝరియా చూడాలని ఉండింది. అక్కడ భూమి కింద బొగ్గు 1916 నుంచి కాలుతూనే ఉంది. ధన్‌బాద్ వైపు, మా దారికి పూర్తిగా వ్యతిరేకం. కుదరదంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చస్నాలా సంగతెత్తాడు. 1975 డిసెంబర్ 27న నీళ్లు విరుచుకుపడి 370 మందికి పైగా కార్మికులు మునిగిపోయిన గని అది. "అప్పటికి నేనింక బాయిల చేరలే. చేరినంక మొదటి ట్రైనింగ్‌ల జెప్పిన పేరదే. పాత బాయి పక్కన తవ్వితే నీళ్లున్నయో లేవో ముందు బొక్కేసి చూస్కోవాలె అని" అన్నాడు.

రాంచీ నుంచి పాలామూ అడవిలోని బేత్లా సుమారు 170 కిలోమీటర్లు. బొలెరో మాట్లాడుకున్నాం, రోజుకి నాలుగు వేలు, డీజిల్‌తో కలిపి. డ్రైవర్ బంగారం, హారన్ కొట్టని మనిషిని ఉత్తరాదిలో మొదటిసారి చూశాను. అమ్‌ఝరియా ఘాట్ దిగి చందవా చేరేసరికి రోడ్డు నల్లబడింది. టోరీ రైల్వే సైడింగ్‌కి బొగ్గు లారీలు వరసకట్టి ఉన్నాయి. పక్కన టీకొట్టు రేకుల మీద, అరటిపళ్ల గెల మీద, గేదె వీపు మీద ఒకటే నలుపు. బాపు అద్దం దించి గాలి పీల్చాడు. "బొగ్గు తప్పు గాదు బిడ్డా ఇది. నీళ్లు కొట్టని రోడ్డు తప్పు. మా ఓపెన్‌కాస్ట్ గనులల్ల ట్యాంకర్లు తిరుగుతనే ఉంటయి." అద్దం ఎక్కించాక కూడా ఆ పొడి పళ్ల మధ్య కరకరలాడింది.

బేత్లాలో బస దగ్గర దెబ్బతిన్నాం. ఎక్కడో పేరు చెప్పను. నెల ముందే డబ్బు కట్టి బుక్ చేసిన అడవి వైపు గది, మేం చేరేసరికి ఎవరో సాబ్ గారి కుటుంబానికి ఇచ్చేశారు. మాకు వెనక గది. బాత్రూమ్‌కి గడియ లేదు, బకెట్ అడ్డం పెట్టుకోవాలి. తేడా డబ్బు వారంలో వస్తుందన్నారు, ఇది రాసేనాటికి రాలేదు. బుకింగ్ కాగితం ప్రింటు పట్టుకెళ్లండి, ముందురోజు ఫోన్ చేసి గది నంబర్ చెప్పించుకోండి. ఇంత కోపంలోనూ వంటాయన్ని మాత్రం ఒక్క మాట అనలేను. చిల్కా రోటీ అని పల్చగా అట్టులాంటిది పోశాడు, నిప్పుల మీద కాల్చిన టమాట పచ్చడి చేశాడు. మా ఆయన ఏడు తిన్నాడు. రాత్రి భోజనం కావాలంటే నాలుగింటిలోపే చెప్పాలి, సరుకులు బయటి నుంచి రావాలి.

పొద్దున ఆరింటికి సఫారీ. పులి కోసమైతే రాకండి, ఇది ముందే చెప్పేస్తున్నా. పాదముద్రలు పట్టి పులుల్ని లెక్కపెట్టడం మొదలైంది ఈ పాలామూలోనే, 1932లో. 1973లో ప్రాజెక్ట్ టైగర్ పెట్టినప్పుడు మొదటి తొమ్మిది అడవుల్లో ఇదొకటి, బెంగళూరు వాళ్లం శని, ఆదివారాల్లో పోయే బందీపూర్ ఇంకొకటి. ఒకే ఏడాది బళ్లో వేసిన ఇద్దరు పిల్లలనుకోండి. 2022 లెక్కల్లో కర్ణాటకకి 563 పులులు, జార్ఖండ్ మొత్తానికి ఒకటి. అంతకుముందు 2018 లెక్కల్లో పాలామూకి సున్నా. ఏళ్లపాటు నక్సల్ అలజడితో సిబ్బంది లోపలికి పోలేని రోజులు, జింకలు తినాల్సిన గడ్డి మేసే వేల పశువులు, వేట, అడవిని చీల్చుకుని పోయే రైలు. అమ్మ చెప్పిన అమ్రాబాదే నయం.

మరి ఏం చూశాం? చుక్కల దుప్పుల మందలు, రోడ్డు పక్కన కదలకుండా నిలబడ్డ అడవిదున్న, కొండముచ్చులు, ఏనుగుల పేడ. ఏనుగులు మాత్రం దొరకలేదు. ఇవన్నీ కబినిలోనూ చూస్తాం. కబినిలో చూడనిది ఇప్పచెట్టు కింద చూశాను. తెల్లారి రాలిన ఇప్పపువ్వు నేలంతా పసుప్పచ్చగా, తేమగా, ద్రాక్షపళ్లలా పడి ఉంది. ఒక దుప్పి ముందుకాళ్లు ఎడంగా పెట్టి, ఒక్కో పువ్వుని పెదవితో ఏరుకుని తింటోంది. జీపు ఆగినా తలెత్తలేదు. మూడు పువ్వులు తిని, నాలుగోది ఎందుకో నచ్చక వదిలేసింది. పార్కు గేటు బయట అదే పువ్వుని ఆడవాళ్లు బుట్టల్లోకి ఏరుతున్నారు. పువ్వు కనబడాలని చెట్టు కింద ఎండుటాకులకి నిప్పు పెడతారు, అది ఒక్కోసారి అడవికి పాకుతుంది. నల్లగా కాలిన మచ్చలు దారంతా ఉన్నాయి. తప్పంటే తప్పే, కానీ ఆ పువ్వే వాళ్లకి వేసవి రాబడి. బాపు రెండు కిలోల ఎండుపువ్వు కొన్నాడు, ఉట్నూరు లడ్డూల్లా చేయించాలట.

పాలామూ కోటలు చూడండి, గంట చాలు. చేరో రాజులవి. మేదినీ రాయ్ కట్టించిన కొత్త కోటకి నాగ్‌పురీ దర్వాజా అని చెక్కడం పనితో ఒక గుమ్మం ఉంది, దానికోసమైనా ఎక్కాలి. 1661లో మొఘల్ సేనాని దావూద్ ఖాన్, 1771లో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్న కోట. ఇప్పుడు రావి వేళ్లు పట్టుకున్నాయి. బోర్డు లేదు, నీడ లేదు, నీళ్లు మీరే తీసుకెళ్లాలి.

సాయంత్రం కేచ్కీ. ఔరంగా వచ్చి కోయల్‌లో కలిసే చోటు. ఇసుక మీద కూర్చుంటే ఆ పక్కన వంతెన మీద బొగ్గు రైలు వచ్చింది. బాపు వేలు ఆడిస్తూ 58 డబ్బాలు లెక్కపెట్టాడు. అది పోయిన పావుగంటకి ఇంకోటి. "మా బొగ్గే, గోండ్వానా బొగ్గు. మా ఖని బొగ్గుకి అన్నదమ్ముల వరస" అన్నాడు మొదట సంబరంగా. నాలుగో రైలుకి లెక్క మానేశాడు. ఈ లైను పులుల అభయారణ్యం నడిమధ్య నుంచి పోతుంది, పట్టాల మీద ఏనుగులు చచ్చిపోయాయి. మూడో లైను కూడా అడవిలోంచే వెయ్యాలా, చుట్టూ తిప్పాలా అన్న పంచాయితీ ఏళ్ల తరబడి నడిచింది. బెంగళూరులో కరెంటు పోతే ఐదు నిమిషాలకి గ్రూపులో తిట్టేది నేనే కాబట్టి ఆ రైళ్లని చూస్తూ ఊరుకున్నాను.

మర్నాడు గారూ, బారేసాఁడ్ మీదుగా మహుఆడాఁడ్. ఈ దారే ఈ ట్రిప్ మొత్తానికి తలమానికం. గంటల తరబడి సాల అడవి, ఎర్రగా పూసిన మోదుగలు. ఫోన్ సిగ్నల్ ఉండదు, పెట్రోల్ ముందే నింపుకోండి. మహుఆడాఁడ్‌లో 1976 నుంచి తోడేళ్ల కోసమే ఒక అభయారణ్యం ఉంది. తోడేలు మాకు కనబడలేదు, కనబడుతుందని ఎవరూ ఆశపెట్టలేదు కూడా.

దారి మీంచి కొంచెం లోపలికెళ్తే మా సెక్యూరిటీ అబ్బాయి ఊరు. వాళ్లమ్మకి దుప్పటి, ఫోన్ పంపాడు. ఎర్రమట్టితో అలికిన గోడలు, గడప పక్కన సాల పూల రెమ్మ. ఆవిడ ఇత్తడి చెంబు పట్టుకుని బాపుని "అమ్మ్?" అని అడిగింది. బాపు చాలా మర్యాదగా "అమ్మ ఖనిలనే ఉన్నదక్కా, మోకాళ్ల నొప్పులు, రాలే" అన్నాడు. ఆవిడ మళ్లీ "అమ్మ్" అని చెంబు ముందుకి జరిపింది. కురుఖ్‌లో నీళ్లని అమ్మ్ అంటారు. డ్రైవర్ విడమర్చి చెప్పాక ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎంత నవ్విందో.

లోధ్ జలపాతం రాష్ట్రంలో అన్నిటికంటే ఎత్తు, 143 మీటర్లు. వానలు తగ్గాక అక్టోబర్‌లో రావలసింది. నేతర్‌హాట్ వెయ్యి మీటర్ల పైన ఉంటుంది, మార్చి రాత్రి కూడా స్వెట్టర్ కావాలి. హోటల్ వరండాలోంచే సూర్యోదయం కనిపిస్తుంది, గదికి పెట్టిన ప్రతి రూపాయీ అక్కడే చెల్లిపోతుంది. వేడినీళ్లు మాత్రం బకెట్ లెక్కన. అస్తమయానికి అందరూ మాగ్నోలియా పాయింట్‌కి చేరతారు. ఎవరో ఇంగ్లీషు దొర కూతురు, గొర్రెల కాపరి ప్రేమకథ చెబుతారు, పక్కనే నాలుగు స్పీకర్లలో నాలుగు పాటలు. దానికన్నా 1954 నాటి గురుకుల పాఠశాల చుట్టూ పొద్దున్నే నడవడం నాకు నచ్చింది.

దిగే దారి బిషున్‌పూర్ వైపు. మలుపు మలుపుకీ బాక్సైట్ లారీలు. ఈ ఎత్తైన బల్లపరుపు కొండల్ని పాట్ అంటారు, వాటి నెత్తిన టోపీలాగా ఉంటుంది బాక్సైట్. వాననీటిని పీల్చుకుని ఊటలకి వదిలేది ఆ పొరే. మన చింతపల్లి, జెర్రెల కొండల సంగతీ ఇదే, 2015లో అక్కడ బాక్సైట్ తవ్వకాలకి జీవో 97 వచ్చినప్పుడు మన్యం లేచింది అందుకే. ఇక్కడి అసుర్ అనే గిరిజనులు ఒకప్పుడు సాల బొగ్గుతో మట్టికొలుముల్లో ఇనుము కరిగించినవాళ్లు. ఇప్పుడు వాళ్ల ఊళ్ల మీదుగా లారీలు. రోడ్డు పక్క సాలాకుని వేలితో రుద్దాను. ఎర్రపొడి పోయి కింద పచ్చగీత తేలింది.

తిరుగు ప్రయాణం హటియా నుంచి బెంగళూరు రైల్లో. ఒకటిన్నర రోజు పైమాటే. ఏసీలో దుప్పట్లు శుభ్రం, తిండి దండగ, పులిహోర కట్టుకెళ్లాల్సింది. జనరల్ పెట్టెల్లో తలుపుల దాకా కుర్రాళ్లు, పండగ చేసుకుని మా ఊరి బిల్డింగులకీ గేట్లకీ తిరిగొస్తున్నవాళ్లు.

రామగుండం బండి పట్టుకోవడానికి బాపు విజయవాడలో దిగిపోయాడు. ఇప్పపువ్వు సంచి భుజాన వేసుకుని కిటికీ దగ్గరికొచ్చాడు.

"మీ అమ్మకు పాలమూరుల కొన్న అని చెప్త" అన్నాడు.