పడమటి వైపు అద్దం గోడ పెట్టిస్తున్నారా? మిగతా డబ్బులు ఇచ్చే ముందు ఇది చదవండి

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకీ, విల్లా బుక్ చేసినవాళ్లకీ ఈ పోస్టు. విజయవాడ పక్కన మేం కట్టుకున్న ఇంట్లో హాలుకి పడమటి వైపు గోడ బదులు అద్దం పెట్టించాం. మూడు పలకలు, ఒక్కోటి 5 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు. కొటేషన్‌లో "12 ఎంఎం టఫెన్డ్" (వేడిచేసి గట్టిపరిచిన సేఫ్టీ అద్దం) అని రాసిచ్చారు, రేటూ టఫెన్డ్ రేటే తీసుకున్నారు. బిగించింది మాత్రం మామూలు అద్దం.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా నడిమి పలక అంతదాకా కూడా ఆగలేదు, మే నెల మొదట్లోనే పోయింది. అది పగిలిన తీరు కాస్త వివరంగా చెప్పాలి, మోసం బయటపడింది అక్కడే. మధ్యాహ్నం మూడింటప్పుడు టప్‌మని శబ్దం వచ్చింది. వెళ్లి చూస్తే ఫ్రేమ్ అంచు నుంచి ఒక గీత జానెడు దూరం తిన్నగా వచ్చి, అక్కడ వంకర తిరిగి పైదాకా పాకింది. పలక మాత్రం అలాగే నిలబడి ఉంది. టఫెన్డ్ ఎప్పుడూ ఇలా పగలదు. దాన్ని 600 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి, గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. అందుకే మామూలు అద్దం కన్నా నాలుగైదు రెట్లు గట్టిగా ఉంటుంది. పగిలితే మాత్రం మొత్తం పలక శనగబద్దలంత ముక్కలై రాలిపోతుంది. ఒంటి పలక అద్దం మీద పొడుగు గీత పడి నిలబడిందంటే ఇంకా వాదన అక్కర్లేదు.

ఫోన్ చేస్తే వెండర్ జవాబు: "కొత్త బిల్డింగ్ కదా మేడమ్, సెటిల్ అయ్యేటప్పుడు ఇలాంటివి మామూలే." అప్పుడు మా మామయ్యగారు ఒక మాట బయటపెట్టారు. బిగించే రోజు సైట్‌లో ఉన్నది ఆయనే. కుర్రాళ్లు గోనెసంచుల మీద అద్దం పడుకోబెట్టి కట్టర్‌తో గీస్తుంటే, "ఏంటయ్యా కోస్తున్నారు?" అని అడిగారట. "రెండంగుళాలు పెద్దదొచ్చింది తాతగారూ, సరిచేస్తున్నాం" అన్నారట. టఫెన్డ్ అద్దాన్ని ఒకసారి తయారయ్యాక కోయడం, బెజ్జం వేయడం ఎవరి వల్లా కాదు, చెయ్యి పెడితే పొడి అయిపోతుంది. కొలతలన్నీ ఫ్యాక్టరీకి పంపకముందే ఖాయం చేసుకోవాలి. మీ సైట్‌లో ఎవరైనా "టఫెన్డ్" అద్దాన్ని కోస్తూ కనబడితే పని అక్కడే ఆపించండి.

ఇంతకీ మే నెలలోనే ఎందుకు పగిలిందంటే, అంతకుముందు ఎండ భరించలేకపోతున్నామంటే ఆ వెండరే మనిషిని పంపి లోపలివైపు నల్ల ఫిల్మ్ అంటించాడు, దానికి వేరే డబ్బులు కూడా. ఫిల్మ్ ఎండని పీల్చుకుని అద్దం నడిమి భాగాన్ని కాల్చేస్తుంది, ఫ్రేమ్‌లో దాగిన అంచులేమో చల్లగానే ఉంటాయి. ఆ లాగుడంతా అంచు మీద పడుతుంది. సైట్‌లో కోసిన గరుకు అంచు దాన్ని తట్టుకోలేదు.

మీరు చూసుకోవాల్సింది ముందుగా ముద్ర. 2020లో కేంద్రం ఇచ్చిన క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ ప్రకారం సేఫ్టీ గ్లాస్‌కి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. పలక మూలన చెరగని ముద్ర ఉండాలి, అందులో ఐఎస్ 2553 అని (సేఫ్టీ గ్లాస్ ప్రమాణం నంబరు), లైసెన్సు నంబరు ఉండాలి. ఆ లైసెన్సు నంబరు బీఐఎస్ (ఐఎస్ఐ మార్కు ఇచ్చే సంస్థ) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో, లైసెన్సు నడుస్తోందో లేదో తెలుస్తుంది. "ముద్ర ఫ్రేమ్ లోపలికి వెళ్లిపోయిందండీ" అనేది పాత పాట, బిగించకముందే ఫొటో తీసుకోండి. పోలరైజ్డ్ కళ్లజోడు ఉంటే సాయంత్రం పూట వాలుగా చూడండి, టఫెన్డ్ అయితే చుక్కలో చారలో కనబడతాయి. మందం కూడా అంచు దగ్గర కొలవండి. అద్దం చదరపు మీటరుకి ఒక్కో మిల్లీమీటరు మందానికి 2.5 కిలోల బరువు, అంటే మా పలక ఒక్కోటి సుమారు 125 కిలోలు ఉండాలి. అంత బరువు పిల్లలున్న ఇంట్లో కత్తుల్లాంటి ముక్కలై పడితే ఏమవుతుందో ఆలోచించండి. పగిలిన పలక అలా నిలబడి ఉన్నన్నాళ్లూ నాకైతే టెన్షనే.

వేడి సంగతి వేరే. "డబుల్ గ్లాస్ వేసుకుంటే ఏసీ పెద్దగా అక్కర్లేదు మేడమ్" అని ఇంకో వెండర్ అన్నాడు. మామూలు తెల్ల అద్దాలు రెండు వేసినా ఎండ వేడిలో దాదాపు 70 శాతం లోపలికి వస్తుంది. బ్రోచర్‌లో ఎస్‌హెచ్‌జీసీ అనే అంకె అడగండి, ఎండ వేడిలో ఎంత వంతు లోపలికి వస్తుందో అది చెబుతుంది. ఒంటి తెల్ల అద్దానికి 0.8 చిల్లర ఉంటుంది, ఎండ వేడిని తిప్పికొట్టే పూత ఉన్న మంచి సోలార్ కంట్రోల్ లో-ఈ అద్దానికి 0.3 ప్రాంతంలో ఉంటుంది. ఆ అంకె చెప్పలేని వెండర్‌తో బేరం ఆడటం దండగ. నన్నడిగితే మన కోస్తా ఎండలకి పడమటి గోడ నిండా అద్దం గీసే ఆర్కిటెక్టుని ఒక్క మే నెల ఆ హాల్లోనే కూర్చోబెట్టాలి. ఉత్తరం వైపు పెట్టుకుంటే వెలుతురుకి వెలుతురు, ఎండ బాధ తక్కువ. పడమర తప్పదంటే నీడ బయటే పడాలి. అద్దం దాటి లోపలికొచ్చిన వేడిని కర్టెన్ ఆపలేదు. మన పెద్దవాళ్లు వట్టివేళ్ల తడికలు గుమ్మం బయట కట్టింది ఇందుకే.

పై అంతస్తులకీ, బాల్కనీ రెయిలింగుకీ ఒట్టి టఫెన్డ్ కూడా చాలదు, లామినేటెడ్ అడగండి. రెండు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది, పగిలినా ముక్కలు దానికే అంటుకుంటాయి. టఫెన్డ్ ఒక్కోసారి దెబ్బ తగలకుండానే పగులుతుంది, తయారీలో లోపల ఉండిపోయిన నికెల్ సల్ఫైడ్ నలుసు దానికి కారణం. అలాంటి పలకల్ని ఫ్యాక్టరీలోనే వేడిచేసి ముందే పగలగొట్టి ఏరేసే పరీక్ష హీట్ సోక్ టెస్ట్, అది చేయించామంటే సర్టిఫికెట్ అడగండి. విశాఖవాళ్లకి ఇదంతా చెప్పక్కర్లేదు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి అద్దాల భవనాలు ఏమయ్యాయో కళ్లారా చూశారు.

స్లైడింగ్ కిటికీలున్నవాళ్లు కింది ట్రాక్ బయటివైపు చిన్న కన్నాలు చూడండి. వాననీళ్లు పోయే దారి అవి. మా ఇంట్లో వాటిమీద కూడా శుభ్రంగా సిలికాన్ పూసేశారు. మొదటి వానకి నీళ్లు హాల్లోకి వచ్చాయి.

బిల్లులో "గ్లాస్ వర్క్" అని ఒక్క ముక్కతో సరిపెడితే ఊరుకోవద్దు. అద్దం రకం, మందం, కంపెనీ, ఐఎస్ నంబరు, ఎస్‌హెచ్‌జీసీ అన్నీ రాయించండి. మా వారంటీ కార్డు ప్రొఫైల్‌కి (ఫ్రేమ్‌కి) మాత్రమే, అద్దానికి కాదని చిన్న అక్షరాల్లో ఉంది. పైపు పెట్టి నీళ్లు కొట్టి చూశాకే చివరి విడత ఇవ్వండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మేం వేశాం, అందుకే వెండర్ పేరు ఇక్కడ రాయడం లేదు. "పాతది మేమే తీసుకెళ్లి కొత్తది వేస్తాం" అంటే మాత్రం పగిలిన అద్దం వాళ్ల చేతికి ఇవ్వకండి, మీ దగ్గరున్న సాక్ష్యం అదే.