నాలుగేండ్లు వాడాక: స్క్రాచ్, థోనీ, రెండు బస్తాల లెక్క

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. 2021లో బడులు మూతపడ్డప్పుడు మా పెద్దబిడ్డ ఐదో తరగతి. మిల్లు ఆఫీసులో మూలకు పడేసిన కంప్యూటర్ ఒకటి ఇంటికి తెచ్చాను. 2 జీబీ ర్యామ్, విండోస్ 7. అప్పట్లో కోడింగ్ క్లాసుల కంపెనీ ఒకటి రోజూ ఫోన్ చేసేది. వాళ్లు చెప్పిన ఫీజు నా రెండు నెలల జీతం! ఇప్పుడే చేర్చకపోతే పాప వెనకబడుతుందని టెన్షన్ పెట్టారు కూడా. నంబర్ బ్లాక్ చేసి, డబ్బులు అడగనివి ఏమున్నాయా అని వెతికాను.

మొదట స్క్రాచ్. పిల్లలు ఆటలు, బొమ్మలు చేసుకుంటూ కోడింగ్ నేర్చుకునే సాఫ్ట్‌వేర్. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసింది, పూర్తిగా ఉచితం. 2019లో వచ్చిన 3.0కి విండోస్ 10 కావాలి, కాబట్టి మా డబ్బాలో పాత 1.4 వేశాను. ఒకసారి ఎక్కించాక నెట్ అక్కర్లేదు. రంగురంగుల ముక్కలు ఒకదాని కింద ఒకటి అతికించడమే, టైపింగ్ రాకపోయినా నడుస్తుంది. వారం తిరక్కుండానే పాప కోడి రోడ్డు దాటే ఆట చేసింది. లారీ తగిలితే కోడి మళ్లీ మొదటికి. చిక్కల్లా కరెంటుతోనే. సేవ్ చేయకముందే కరెంటు పోతే చేసిందంతా గోవిందా. రెండుసార్లు ఏడ్చాక అలవాటైంది. ఆట పెద్దదయ్యేకొద్దీ ముక్కలు తెరంతా పరుచుకుని ఏది ఎక్కడుందో దొరకదు.

ఏడో తరగతిలో పాపను పైథాన్‌కు మార్చాను. అది ముక్కలు అతికించడం కాదు, టైప్ చేసి రాసే ప్రోగ్రామింగ్ భాష. అది రాసి నడపడానికి ఎంచుకున్న సాఫ్ట్‌వేర్ థోనీ. ఎస్తోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేశారు. పైథాన్ దాంట్లోనే ఉంటుంది, వేరేగా ఎక్కించే పని లేదు. విండోస్ 7 కోసం పైథాన్ 3.8తో వచ్చే కూర్పు దొరికింది.

ఇది ఎందుకు నచ్చిందో చెప్పాలంటే బస్తాల సంగతి చెప్పాలి. ధాన్యం కొనే ఐకేపీ సెంటర్ల నుంచి మాకొచ్చే వడ్ల బస్తా 40 కిలోలు. రెండు బస్తాల బరువు అడిగి కూడే ప్రోగ్రాం రాసింది. 40, 40 కొడితే 4040 వచ్చింది. ‘డాడీ, రెండు బస్తాలకే నాలుగు టన్నులు!’ అని ఒకటే నవ్వు. నాకూ అర్థం కాలేదు. థోనీలో వ్యూ మెనూకు పోయి వేరియబుల్స్ అని పెట్టుకుంటే, ఏ పేరులో ఏ విలువ ఉందో పక్కనే కనిపిస్తుంది. అక్కడ 40 కొటేషన్ గుర్తుల మధ్య ఉంది. అంటే అది అంకె కాదు, అక్షరాలు. రెండూ కూడలేదు, పక్కపక్కన పెట్టిందంతే. కంట్రోల్ ఎఫ్5 నొక్కి ఒక్కో అడుగే నడిపిస్తూ ఎక్కడ తేడా వచ్చిందో తనే పట్టుకుంది. అక్షరాలను అంకెగా మార్చే int అని రాసి సరిచేసింది. నేను చెప్పి ఉంటే అంత గుర్తుండేది కాదు. తర్వాత తేమ 17 శాతం దాటితే హెచ్చరించే ముక్క కూడా చేర్చింది.

మా బావమరిది కొడుకు ఇంజనీరింగ్. వాళ్ల కాలేజీలో కోడింగ్ నేర్పేది ఇంకా నీలం తెర ఉండే పాతకాలం టర్బో సీ++ లోనే. అక్కడ iostream.h అని రాసిన ప్రోగ్రాం కొత్త కంపైలర్‌లో (ప్రోగ్రాంను కంప్యూటర్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) పెడితే మొదటి లైన్లోనే ఆగిపోతుంది. పరీక్షకు తప్పదు కాబట్టి వాడు నేర్చుకుంటున్నాడు, ఇంట్లో పిల్లలకు మాత్రం నేనైతే పెట్టను.

థోనీతో నా పేచీ ఎర్రర్ల దగ్గర. అన్నీ ఇంగ్లీషే. లైను ముందు వదిలే ఖాళీ తప్పితే వచ్చే ‘ఇండెంటేషన్ ఎర్రర్’ అంటే తెలుగు మీడియం పిల్లకు ఏం తెలుస్తుంది? చివరికి ఒక నోటుబుక్కులో ఎర్రర్ల పేర్లు, పక్కన తెలుగులో అర్థాలు రాసుకుంది. పైగా పైథాన్ 3.8లో ఒక బ్రాకెట్ మూయడం మరిచిపోతే, తప్పు కింది లైన్లో ఉన్నట్టు చూపించేది. దాని మీద ఒక సాయంత్రమంతా పోయింది. 2023లో ఎస్ఎస్‌డీ, ఇంకొంత ర్యామ్ వేయించి విండోస్ 10కి మారాం. పైథాన్ 3.10తో వచ్చే థోనీ 4 అయితే ఏ బ్రాకెట్ మూయలేదో సూటిగా చెబుతుంది.

ఇప్పుడు చిన్నోడు నాలుగో తరగతి. వాడి కోసం స్క్రాచ్ 3 వేశాను. అక్క పాత కోడి ఫైలు దాంట్లోనూ తెరుచుకుంది. వాడు మొదట చేసిన పని లారీ స్పీడు పెంచడం. కోడి ఇంతవరకు ఒక్కసారీ దాటలేదు.